పోస్ట్‌గ్రెస్‌లో మీ మొదటి ప్యాచ్: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా పంపాలి, పంపాక ఏం చేయాలి

పోస్ట్‌గ్రెస్ అనే ఓపెన్ సోర్స్ డేటాబేస్‌కి కోడ్ రాయాలనుకునే చాలామంది ముందు గిట్‌హబ్‌కి వెళ్లి, రిపో ఫోర్క్ చేసి, నాలుగు లైన్లు మార్చి పుల్ రిక్వెస్ట్ పెడతారు. దాన్ని ఎవరూ చూడరు. అక్కడ ఉన్నది నకలు మాత్రమే, అసలు గిట్ సర్వర్‌ని ప్రాజెక్టు సొంతంగా నడుపుకుంటుంది. పుల్ రిక్వెస్టులు తీసుకోరు, ఇష్యూ ట్రాకర్ అసలు లేదు, బగ్ అయినా కొత్త ఆలోచన అయినా ప్యాచ్ (కోడ్‌లో మీరు చేసిన మార్పుల ఫైల్) అయినా అన్నీ ఈమెయిల్‌లోనే నడుస్తాయి. ఈ రోజుల్లో ఇదేం పద్ధతి అనిపిస్తుంది, నిజమే. కానీ ఎప్పుడో ఇరవై ఏళ్ల కింద ఫలానా ఫంక్షన్‌ని ఇలా ఎందుకు రాశారని వెతికితే ఆ వాదన మొత్తం ఆర్కైవ్‌లో ఇప్పటికీ దొరుకుతుంది, ఈమధ్య కమిట్లయితే మెసేజ్‌లోనే ఆ చర్చ లింకు ఉంటుంది. కాబట్టి తిట్టుకుంటూనైనా అలవాటు చేసుకోండి.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. ఈ ప్రాజెక్టులో కోడ్ రాసేవాళ్లకి కొరత లేదు, రాసినదాన్ని కూర్చుని చదివి, నడిపి చూసి, తప్పు పట్టేవాళ్లకే కొరత. అసలు కోడ్‌లోకి మార్పుల్ని ఎక్కించే, అంటే కమిట్ చేసే హక్కు ఉన్నవాళ్లు (కమిట్టర్లు) ప్రపంచం మొత్తం మీద సుమారు 30 మంది, వాళ్లకీ వేరే పనులుంటాయి. అందుకే నా సలహా వినేవాళ్లకి కాస్త చప్పగా ఉంటుంది: మీ సొంత ప్యాచ్ కంటే ముందు ఇంకొకరి ప్యాచ్ పట్టుకోండి. ఆ సంగతికి వస్తాను, దానికి ముందు రెండు మూడు పనులున్నాయి.

ముందు క్యాలెండర్ చూసుకోండి

పోస్ట్‌గ్రెస్ ఏటా ఒక పెద్ద వెర్షన్ విడుదల చేస్తుంది, మామూలుగా సెప్టెంబరు చివర్లోనో అక్టోబరు మొదట్లోనో. 17వ వెర్షన్ 2024 సెప్టెంబరు 26న వచ్చింది, 18వది 2025 సెప్టెంబరు 25న. ఒక్కోదానికి 5 ఏళ్లు సపోర్ట్. మధ్యలో బగ్ ఫిక్స్‌లతో వచ్చే మైనర్ రిలీజులు ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల్లో రెండో గురువారం వస్తాయి, మరీ కొంప మునిగే బగ్ అయితే ఆ తేదీ దాకా ఆగరు.

మీకు ఎక్కువ పనికొచ్చేది కమిట్‌ఫెస్ట్‌ల లెక్క. ఏడాదికి 5 జరుగుతాయి: జూలై, సెప్టెంబరు, నవంబరు, జనవరి, మార్చి. ఒక్కోటీ నెల రోజులు, ఆ నెలంతా అందరూ కొత్త కోడ్ రాయడం తగ్గించి, క్యూలో ఉన్న ప్యాచ్‌లని రివ్యూ చేయాలన్నది ఉద్దేశం. మార్చిది అయ్యాక ఏప్రిల్ మొదట్లో ఫీచర్ ఫ్రీజ్, అంటే ఆ వెర్షన్‌కి కొత్త ఫీచర్లు తీసుకోవడం ఆపేస్తారు, మే నెలలో బీటా. అంటే జూలైలో పంపిన ప్యాచ్‌కి అదే ఏడాది చక్రంలో ఐదు అవకాశాలుంటాయి, మార్చిలో మొదటిసారి కనిపించిన పెద్ద ప్యాచ్‌కి ఒక్కటే, అది కూడా అందరూ అలసిపోయి ఉన్నప్పుడు. ఆ సమయంలో కొత్తగా పెద్ద ఫీచర్ తెస్తే మొహమాటం లేకుండా వచ్చే వెర్షన్‌కి చూద్దామంటారు.

మీ మెషీన్‌లో బిల్డ్ చేసుకోండి

సోర్స్ క్లోన్ చేసుకోండి. సీ కంపైలర్, బైసన్, ఫ్లెక్స్, పెర్ల్ కావాలి. బిల్డ్‌కి పాత కాన్ఫిగర్, మేక్ పద్ధతి ఉంది, 16వ వెర్షన్ నుంచి మెసన్ కూడా ఉంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మెసన్, నింజా వాడండి, చిన్న మార్పు చేసి మళ్లీ బిల్డ్ చేసినప్పుడు తేడా మీకే తెలుస్తుంది.

రెండు ఆప్షన్లు మాత్రం మర్చిపోవద్దు. ఒకటి డీబగ్ సింబల్స్, రెండోది సీఅసర్ట్. ఈ రెండోది ఆన్ చేస్తే కోడ్ నిండా చల్లిపెట్టిన అసర్షన్లు పని చేయడం మొదలుపెడతాయి, ఇది ఎప్పటికీ నల్ కాదు, ఈ లాక్ ఇప్పటికే పట్టుకుని ఉండాలి లాంటి నియమాలన్నీ అక్కడికక్కడే తనిఖీ అవుతాయి, మీరు ఏదైనా తప్పితే సర్వర్ ఆ లైన్‌లోనే పడిపోతుంది. పడిపోవడమే మనకి కావాలి. కానీ ఈ బిల్డ్ నెమ్మదిగా నడుస్తుంది, దీని మీద పీజీబెంచ్ (వేగం కొలిచే టూల్) నడిపి నా ప్యాచ్ వల్ల ఇంత శాతం వేగం పెరిగిందని మెయిల్ పెడితే మొదటి జవాబులోనే ఇంటికి పంపిస్తారు. వేగం కొలవడానికి ఆప్టిమైజేషన్‌తో, అసర్షన్లు లేకుండా ఇంకో బిల్డ్ పక్కన ఉంచుకోండి.

సిస్టమ్‌లో ముందే ఉన్న పోస్ట్‌గ్రెస్ మీద ఇన్‌స్టాల్ చేయొద్దు. హోమ్ డైరెక్టరీలో వేరే ఫోల్డర్, 5432 కాకుండా వేరే పోర్ట్. తర్వాత టెస్టులు నడపండి. మామూలు మేక్ చెక్ ఒక తాత్కాలిక సర్వర్ లేపి 200కు పైగా ఎస్‌క్యూఎల్ ఫైళ్లు నడిపి, వచ్చిన ఔట్‌పుట్‌ని ముందే రాసిపెట్టిన ఔట్‌పుట్‌తో అక్షరం అక్షరం పోలుస్తుంది. మేక్ చెక్-వరల్డ్ అంటే ఇవి కాక రెప్లికేషన్, పీజీ డంప్ (బ్యాకప్ తీసే టూల్), ఎక్స్‌టెన్షన్లు, అన్నీ. మెసన్‌తో బిల్డ్ చేస్తే వీటి బదులు మెసన్ టెస్ట్ నడపాలి. మీరు ఇంకా ఏమీ మార్చకముందే ఇవన్నీ పాస్ అవుతున్నాయో లేదో చూసుకోవడం చాలా ముఖ్యం, లేదంటే రేపు ఫెయిలయినప్పుడు తప్పు మీదో మీ మెషీన్‌దో తెలియక తల పట్టుకుంటారు.

కోడ్ చదవడం

మొత్తం చదవాలని చూడకండి, అది జరిగే పని కాదు. బ్యాకెండ్ ఫోల్డర్‌లో పార్సర్, ఆప్టిమైజర్, ఎగ్జిక్యూటర్, స్టోరేజ్, యాక్సెస్ అని విభాగాలుంటాయి, చాలావాటిలో రీడ్‌మీ ఫైళ్లు ఉన్నాయి. ఆ రీడ్‌మీలు మామూలు ప్రాజెక్టుల్లో ఉండే ఇన్‌స్టాల్ చేయడం ఎలా రకం కాదు. ఆప్టిమైజర్‌ది, బీట్రీ ఇండెక్స్‌ది, ట్రాన్సాక్షన్లది తీసి చూడండి, డిజైన్ మొత్తం, ఏ దారి ఎందుకు వదిలేశారో సహా, ఓపికగా రాసి ఉంటుంది.

చదవడం కంటే తొందరగా అర్థమయ్యే దారి డీబగ్గర్. ఒక టెర్మినల్‌లో పీఎస్‌క్యూఎల్ (సర్వర్‌కి క్వెరీలు పంపే టూల్) తెరిచి పీజీ బ్యాకెండ్ పిడ్ అనే ఫంక్షన్‌తో ప్రాసెస్ నంబరు కనుక్కోండి, ఇంకో టెర్మినల్‌లో జీడీబీ డీబగ్గర్‌ని దానికి తగిలించండి, ఎగ్జెక్ సింపుల్ క్వెరీ అనే ఫంక్షన్ దగ్గర బ్రేక్‌పాయింట్ పెట్టి ఒక చిన్న సెలెక్ట్ నడపండి. పార్స్, అనలైజ్, రీరైట్, ప్లాన్, ఎగ్జిక్యూట్, ఈ వరస కళ్లముందే కనిపిస్తుంది. ఒక సాయంత్రం దీనికి కేటాయిస్తే వారం చదివినదానికంటే ఎక్కువ వస్తుంది.

ఇంకొకరి ప్యాచ్ పట్టుకోండి

కమిట్‌ఫెస్ట్ సైట్‌కి వెళ్లి నీడ్స్ రివ్యూ అని ఉన్నవాటిలో చిన్నది, మీకు విషయం కాస్తయినా తెలిసినది ఎంచుకోండి. మీరు ఎస్‌క్యూఎల్ రాసేవాళ్లయితే కొత్త ఫంక్షన్ చేర్చే ప్యాచ్, బ్యాకప్‌లు చూసుకునేవాళ్లయితే పీజీ డంప్ ప్యాచ్. నేనెవర్ని రివ్యూ చేయడానికి అనే మొహమాటం వద్దు. అసలు నియమమే ఇది: ఒక ప్యాచ్ పంపేవాళ్లు దాదాపు అంతే కష్టమున్న ఇంకో ప్యాచ్‌ని రివ్యూ చేయాలి.

ముందు ప్యాచ్‌ని మీ కోడ్ మీద ఎక్కించండి. ఎక్కకపోతే అది కూడా రివ్యూనే, ఇప్పటి మాస్టర్ (ముఖ్య బ్రాంచి) మీద ఎక్కడం లేదు, రీబేస్ కావాలి అని ఒక్క లైన్ రాస్తే చాలు. అయితే సీఎఫ్‌బాట్ అనే రోబో క్యూలో ఉన్న ప్యాచ్‌లన్నిటినీ లినక్స్, ఫ్రీబీఎస్‌డీ, మ్యాక్, విండోస్ మీద బిల్డ్ చేసి టెస్టులు నడుపుతూనే ఉంటుంది, కాబట్టి కంపైల్ అయింది, టెస్టులు పాసయ్యాయి అని చెప్పినంత మాత్రాన మీరు కొత్తగా చెప్పినట్టు కాదు. మనిషి చేయాల్సిన పని తర్వాత మొదలవుతుంది.

మొదట మెయిల్ గొలుసు మొత్తం చదవండి. ఎవరో ఆరు నెలల కిందట అడిగిన ప్రశ్నకి రచయిత జవాబు చెప్పారా, తప్పించుకున్నారా చూడండి. తర్వాత కోడ్ చూడకుండానే ఫీచర్ వాడండి, డాక్యుమెంటేషన్‌లో రాసింది చదివి అలాగే చేయండి. డాక్ చదివి వాడలేకపోయారంటే అది పెద్ద విషయమే, మెయిల్‌లో రాయండి. ఆ తర్వాత దాన్ని విరగ్గొట్టడానికి చూడండి. నల్ ఇవ్వండి, ఖాళీ స్ట్రింగ్ ఇవ్వండి, ఒక్క వరస కూడా లేని టేబుల్ ఇవ్వండి. పార్టిషన్ చేసిన టేబుల్, టెంపరరీ టేబుల్, వ్యూ, ఫారిన్ టేబుల్, ఒక్కొక్కటీ. హక్కులు లేని యూజర్‌తో నడపండి. ట్రాన్సాక్షన్ మధ్యలో చేసి రోల్‌బ్యాక్ కొట్టండి. రెండు సెషన్లు తెరిచి ఒకదాంట్లో ఆ కమాండ్ సగంలో ఉండగా ఇంకోదాంట్లో ఆ టేబుల్‌ని డ్రాప్ చేయండి. సర్వర్ ప్రాసెస్‌ని చంపి మళ్లీ లేపండి, రెప్లికాలో ఏమైందో చూడండి.

తెలుగు రాసేవాళ్లకి ఇక్కడ ఒక చిన్న లాభం ఉంది. పేర్లకి పరిమితి 63 బైట్లు, అక్షరాలు కాదు. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింట్ ఒక్కోటీ 3 బైట్లు, గుణింతం గుర్తులు కూడా విడిగా లెక్కే, అంటే 21తో కోటా అయిపోతుంది. టేబుల్‌కి, కాలమ్‌కి పొడవాటి తెలుగు పేర్లు పెట్టి నడపండి, బైట్లనీ అక్షరాలనీ కలిపేసిన కోడ్ ఉంటే అక్కడే బయటపడుతుంది.

మర్చిపోయే సంగతులు కొన్ని ఉంటాయి, దాదాపు ప్రతి కొత్త ప్యాచ్‌లోనూ ఇవే. కొత్త వస్తువు ఏదైనా చేర్చితే పీజీ డంప్ దాన్ని బయటికి తీస్తుందా? పాత సర్వర్‌కి కనెక్ట్ అయినప్పుడు కూడా పీజీ డంప్ పని చేయాలి, 9.2 దాకా సపోర్ట్ ఉంది. పీఎస్‌క్యూఎల్‌లో ట్యాబ్ కొడితే కొత్త కమాండ్ వస్తుందా? ఎర్రర్ మెసేజ్ పద్ధతి ప్రకారం ఉందా? ముఖ్య సందేశం చిన్న అక్షరంతో మొదలవ్వాలి, చివర ఫుల్‌స్టాప్ ఉండకూడదు, వివరంగా చెప్పే భాగం మాత్రం పూర్తి వాక్యం. పిచ్చిగా అనిపిస్తుంది కానీ ఈ మెసేజ్‌లన్నీ చాలా భాషల్లోకి అనువాదం అవుతాయి, తలా ఒక రకంగా రాస్తే ఆ పని చేసేవాళ్లకి నరకం.

చూసింది చూసినట్టు రాయండి. ఏ కమిట్ మీద ఎక్కించారు, ఏం నడిపారు, ఏం వచ్చింది, ఏది చూడలేదు. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. ప్లానర్ భాగం నాకు తెలియదు, అది చూడలేదు అని రాస్తే కమిట్టర్‌కి ఎక్కడ కళ్లు పెట్టాలో తెలుస్తుంది. రచయిత బదులివ్వాల్సిందేదైనా ఉంటే స్టేటస్‌ని వెయిటింగ్ ఆన్ ఆథర్‌కి మార్చండి, అంతా బాగుందని నిజంగా అనిపిస్తే రెడీ ఫర్ కమిట్టర్. కమిట్ మెసేజ్‌లో రివ్యూ చేసినవాళ్ల పేరు కూడా పడుతుంది, అంటే కోడ్ ఒక్క లైన్ రాయకుండానే పోస్ట్‌గ్రెస్ చరిత్రలో మీ పేరు ఉంటుంది.

ఇక మీ ప్యాచ్

వికీలో చేయాల్సిన పనుల జాబితా ఒకటి కనిపిస్తుంది. దాన్ని నమ్ముకోవద్దు. తేలికైనవి ఎప్పుడో ఎవరో చేసేశారు, మిగిలినవి చాలా కష్టమైనా అయి ఉంటాయి, కావాలో వద్దో తేలనివైనా అయి ఉంటాయి. మంచి మొదటి ప్యాచ్ మీరు వాడుతున్నప్పుడు తగిలిన ఇబ్బందిలోంచి రావాలి: తప్పుదారి పట్టించే ఎర్రర్ మెసేజ్, డాక్‌లో లేని సంగతి, రావాల్సిన చోట రాని ట్యాబ్ కంప్లీషన్, టెస్టులే లేని కోడ్. అలాగే ఊరికే కోడ్ శుభ్రం చేస్తానని వంద ఫైళ్లలో పేర్లు మార్చకండి. బగ్ ఫిక్స్ ఒకటి దొరికితే దాన్ని సపోర్ట్‌లో ఉన్న పాత బ్రాంచిలన్నిటికీ తీసుకెళ్లాలి, మాస్టర్‌లో అందం కోసం అన్నీ జరిపేస్తే ఒకే ఫిక్స్‌ని ఒక్కో బ్రాంచికీ ఒక్కోలా రాయాల్సొస్తుంది. ఆ కష్టం మీది కాదు, కమిట్టర్‌ది.

పాత బ్రాంచిల సంగతి వచ్చింది కాబట్టి ఇది చెప్పాలి, ఎందుకంటే ఇక్కడి మనుషులు ప్రతిదానికీ అంత అనుమానపడటానికి కారణం ఇదే. 2024 నవంబరు 14న వచ్చిన 17.1లోనూ, దానితో పాటు వచ్చిన పాత బ్రాంచిల మైనర్ రిలీజుల్లోనూ ఒక బగ్ సరిచేయడానికి రిజల్ట్‌రెల్‌ఇన్‌ఫో అనే స్ట్రక్ట్‌కి చివర ఒక ఫీల్డ్ కలిపారు. చివర కలిపితే ఏమీ కాదనే అనిపిస్తుంది. కానీ స్ట్రక్ట్ సైజు పెరిగింది, పాత సైజు పెట్టుకుని కంపైల్ అయిన ఎక్స్‌టెన్షన్లకి, ముఖ్యంగా టైమ్‌స్కేల్‌డీబీకి, అది ప్రమాదమైంది. సరిగ్గా వారానికే నవంబరు 21న మళ్లీ 17.2 విడుదల చేయాల్సి వచ్చింది. ఒక్క ఫీల్డ్‌తో ఇంత కథ. ఇక 2018లో బయటపడిన ఎఫ్‌సింక్ (రాసిన డేటాని నిజంగా డిస్క్ మీదికి చేర్చమని ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడిగే కాల్) గొడవ ఇంకా లోతైనది: డిస్క్ మీద రాయడం ఫెయిలైతే లినక్స్ ఆ పేజీలని శుభ్రంగా ఉన్నట్టు గుర్తు పెట్టేస్తుంది, మళ్లీ ఎఫ్‌సింక్ పిలిస్తే అంతా బాగుందంటుంది, డేటా మాత్రం పోయి ఉంటుంది. ఏళ్ల తరబడి పోస్ట్‌గ్రెస్ కోడ్ ఎఫ్‌సింక్‌ని మళ్లీ ప్రయత్నిస్తే చాలనే నమ్మకంతో ఉంది. 2019 ఫిబ్రవరిలో 11.2తో పాటు అప్పటికి సపోర్ట్‌లో ఉన్న వెర్షన్లన్నిటిలోనూ పద్ధతి మార్చారు, ఇప్పుడు ఎఫ్‌సింక్ ఫెయిలైతే సర్వర్ ప్యానిక్ అయి, అంటే కావాలనే పడిపోయి, మార్పుల్ని ముందే రాసిపెట్టుకున్న లాగ్ నుంచి రికవర్ అవుతుంది.

పెద్ద మార్పు అయితే కోడ్ రాయకముందే మెయిల్ పెట్టండి: ఇబ్బంది ఇది, నేను అనుకుంటున్న దారి ఇది. కాదనే జవాబు ముందే వస్తే మూడు నెలల శ్రమ ఆదా అవుతుంది.

రాసేటప్పుడు చుట్టుపక్కల కోడ్ ఎలా ఉందో అలాగే రాయండి, ట్యాబ్‌లు, 4 కాలమ్‌ల వెడల్పు, కర్లీ బ్రాకెట్ సొంత లైన్‌లో. పంపే ముందు కోడ్ ఫార్మాట్ సరిచేసే పీజీఇండెంట్ నడపండి. మెమరీకి మ్యాలక్ వాడకండి, పాలక్ వాడండి, అది మెమరీ కాంటెక్స్ట్‌లోంచి ఇస్తుంది కాబట్టి క్వెరీ మధ్యలో ఎర్రర్ వచ్చినా లీక్ కాదు. టెస్టులో ఒకటి కంటే ఎక్కువ వరసలు వచ్చే క్వెరీ ఉంటే ఆర్డర్ బై పెట్టండి, మీ మెషీన్‌లో వచ్చిన క్రమం ఇంకోచోట రాకపోవచ్చు. సిస్టమ్ కేటలాగ్‌లో (డేటాబేస్ తన సొంత వివరాలు దాచుకునే టేబుళ్లలో) కొత్త ఫంక్షన్ చేరిస్తే ఓఐడీ అనే గుర్తింపు నంబరు కావాలి, 8000 నుంచి 9999 మధ్యలో తీసుకోండి, అన్‌యూజ్డ్ ఓఐడీస్ అనే స్క్రిప్ట్ ఖాళీవి చూపిస్తుంది. కేటలాగ్ వెర్షన్ నంబరు మాత్రం మీరు మార్చొద్దు, దాన్ని కమిట్టర్ చూసుకుంటారు. మీరు మార్చి పంపితే రెండు రోజులకోసారి ఆ ఒక్క లైన్ దగ్గరే ప్యాచ్ ఎక్కకుండా పోతుంది.

పంపడం, ఆ తర్వాత ఎదురుచూడటం

గిట్ ఫార్మాట్-ప్యాచ్‌తో ఫైల్ తయారుచేసి, వెర్షన్ నంబరు పెట్టి, మెయిల్‌కి అటాచ్ చేసి హ్యాకర్స్ లిస్టుకి (కోడ్ చర్చలు జరిగే మెయిలింగ్ లిస్టు) పంపండి. కాగితాల మీద సంతకాల్లాంటివి ఏమీ అడగరు, మీ మెయిలే అనుమతి కింద లెక్క, కాకపోతే ఆఫీసు సమయంలో రాసింది అయితే మీ కంపెనీని ముందు అడగండి. ఆ తర్వాత వెంటనే కమిట్‌ఫెస్ట్‌లో ఎంట్రీ పెట్టండి, లేకపోతే ప్యాచ్ ఆర్కైవ్‌లో కలిసిపోతుంది, మళ్లీ ఎవరూ తవ్వరు. జవాబులు రాసేటప్పుడు వాళ్ల మాట కింద మీ మాట రాయండి, పైన రాసి కింద మొత్తం గొలుసు వదిలేయొద్దు.

ఒక మినహాయింపు: మీరు పట్టుకున్నది సెక్యూరిటీ లోపం అయితే బహిరంగ లిస్టులో పెట్టకండి, దానికి వేరే ప్రైవేటు మెయిల్ చిరునామా ప్రాజెక్టు సైట్‌లో ఉంది.

జవాబు రాకపోవచ్చు. అది తిరస్కారం కాదు, ఎవరికీ తీరలేదు అంతే. రెండు మూడు వారాలు ఆగి మర్యాదగా గుర్తు చేయండి, ఈలోగా ఇంకో ప్యాచ్ రివ్యూ చేయండి, మీరు ఎవరి ప్యాచ్ చూశారో వాళ్లు తర్వాత మీది చూసే అవకాశం బాగా ఎక్కువ. ఘాటుగా జవాబొస్తే టెన్షన్ పడకండి. అక్కడ మాటలు పొడిగానే ఉంటాయి, కోడ్ మీదే గానీ మీ మీద కాదు. వాళ్లు చెప్పింది ఒప్పుకోకపోతే ఎందుకో రాయండి, ఊరికే సరే అని మార్చేసి పంపితే ఇంకొకరు వచ్చి మొదటిదే బాగుందంటారు.

ఎంతకాలం పడుతుందని అడిగితే ఒక ఉదాహరణ చెప్తాను. మెర్జ్ కమాండ్‌ని 2018లో 11వ వెర్షన్ కోసం కమిట్ చేశారు, అభ్యంతరాలు రావడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసేశారు, చివరికి అది జనం చేతికి వచ్చింది 2022లో, 15వ వెర్షన్‌లో. మీ ట్యాబ్ కంప్లీషన్ ప్యాచ్‌కి అంతకాలం పట్టదు లెండి.

కమిట్ అయ్యాక

సంబరం చేసుకోవచ్చు, కానీ ఆ రోజు లాప్‌టాప్ మూసేసి వెళ్లిపోకండి. కమిట్ పడగానే బిల్డ్‌ఫార్మ్ కదులుతుంది. రకరకాల ఆపరేటింగ్ సిస్టమ్‌లు, ప్రాసెసర్లు, కంపైలర్లు ఉన్న మెషీన్లని ఎవరికి వాళ్లు స్వచ్ఛందంగా నడుపుతారు, ఒక్కోదానికి ఒక జంతువు పేరు ఉంటుంది. స్కింక్ అనే బల్లి మొత్తం టెస్టుల్ని మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ అనే టూల్ కింద నడుపుతుంది, అందుకని నెమ్మది, మీ ఇనిషియలైజ్ చేయని వేరియబుల్‌ని అది ఒక రోజు తర్వాత పట్టుకుని తీరిగ్గా ఎర్రబడొచ్చు. బైట్ల వరస తలకిందులుగా ఉండే ప్రాసెసర్లు కూడా ఆ గుంపులో ఉన్నాయి. ఫలితాల పేజీలో మీ కమిట్ తర్వాత ఏవి ఎర్రబడ్డాయో చూసి, లాగ్‌లో రిగ్రెషన్ డిఫ్స్ (రావాల్సిన ఔట్‌పుట్‌కీ వచ్చినదానికీ తేడాలు) తెరిచి, కారణం మీ ప్యాచేనా అని తేల్చి, కమిట్టర్‌కి మీరే ముందు మెయిల్ పెట్టండి. సరిచేసే ప్యాచ్‌తో పాటు పెడితే ఇంకా మంచిది, ఆలస్యమైతే కమిట్‌ని వెనక్కి తీసేస్తారు.

ఫీచర్ ఫ్రీజ్ సమయానికి ఓపెన్ ఐటమ్స్ అని వికీలో ఒక జాబితా తెరుస్తారు, రిలీజ్‌కి ముందు తేలాల్సిన సమస్యలన్నీ అందులో ఉంటాయి. మీ ఫీచర్ పేరు అక్కడ పడితే జవాబు మీరే చెప్పాలి, కమిట్ చేసినవాళ్లు ఒక్కళ్లే కాదు. బగ్స్ లిస్టుకి సబ్‌స్క్రైబ్ అయి, మీ కమాండ్ పేరుతో మెయిల్‌లో ఒక ఫిల్టర్ పెట్టుకోండి. మామూలుగా రిలీజ్ అయిన నెలన్నర రెండు నెలల్లో, నవంబరులో, మొదటి మైనర్ రిలీజ్ వస్తుంది. జనం నిజంగా అప్‌గ్రేడ్ చేసి మీ కోడ్‌ని మీరు ఊహించని టేబుళ్ల మీద నడపడం కూడా దాదాపు అప్పుడే మొదలవుతుంది కాబట్టి ఆ ఫిల్టర్‌ని కనీసం ఏడాదిపాటు తీసేయకండి.